హెడ్ ట్యూబ్ మీద పడ్డ నింద: నల్లగొండలో ఒక కస్టమ్ సైకిల్ ఫ్రేమ్ అలైన్‌మెంట్ తనిఖీ

ఫిర్యాదు సూటిగానే ఉంది. "చేతులు ఇడిస్తే ఎడమ దిక్కు గుంజుతుంది. వెనక చక్రం ఎడమ పైపుకు దగ్గరగా తిరుగుతుంది. చిన్న పళ్ల మీద చైను ఆగుతలేదు." బండి నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు మీద ఎక్కువగా తిరుగుతుంది. నడిపే మనిషి బాగా పొడగరి, కంపెనీ సైజుల్లో ఏదీ సరిపోక ఫ్రేము కట్టించుకున్నారు. అప్పటికే ఒకచోట చూపిస్తే హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద, ఫోర్కును పట్టే ముందు గొట్టం) మెలి తిరిగిందని, గ్యాసుతో కాల్చి వంచాలని చెప్పారట. అదృష్టవశాత్తూ ఎవరూ కాల్చలేదు.

ఫ్రేము వివరాలు ముందే రాసి పెట్టుకోవాలి, తర్వాతి లెక్కలన్నీ వాటి మీదే నడుస్తాయి. పైపులు 4130 క్రోమోలీ, అతుకులు లగ్గులు (పైపులు దూర్చే తొడుగులు) లేని ఇత్తడి బ్రేజింగ్, అంటే ఇత్తడి కరిగించి అతకడం. సీట్ ట్యూబ్ (సీటు కింది నిలువు గొట్టం) పొడవు 620 మి.మీ., వ్యాసం 28.6. టాప్ ట్యూబ్ 600. హెడ్ ట్యూబ్ 200 పొడవు, 36 వ్యాసం. చైన్‌స్టేలు, అంటే పెడళ్ల దగ్గర నుంచి వెనక యాక్సిల్‌కు పోయే రెండు పైపులు, 445. వెనక డ్రాపవుట్లు, అంటే యాక్సిల్ కూర్చునే గాడి పలకలు, నిలువు గాడివి. వెనక హబ్బు వెడల్పు 135, ముందుది 100. బీబీ (బాటమ్ బ్రాకెట్, పెడళ్ల యాక్సిల్ తిరిగే అడ్డ గొట్టం) వెడల్పు 68 మి.మీ., 1.37 అంగుళాల, అంగుళానికి 24 మరల ఇంగ్లీషు మర. చక్రాలు 700సి, టైర్లు 35, బ్రేకులు రిమ్ము మీద పట్టేవి.

రోడ్డు ఏటవాలు, బిగుసుకున్న హెడ్‌సెట్

గుంజుడు ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ముందుగా తేల్చాల్సింది రోడ్డు సంగతి. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా ఉండి అంచులకు వాలుతాయి. మనం వెళ్లేటప్పుడూ ఎడమ అంచునే, వచ్చేటప్పుడూ ఎడమ అంచునే నడుపుతాం. కాబట్టి "పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లూ ఎడమకే లాగింది, అంటే ఫ్రేమే" అనడం చెల్లదు. రెండుసార్లూ వాలు ఎడమకే ఉంది మరి. ఇలాంటి పరీక్షకు ధాన్యం లేని రోజుల్లో మార్కెట్ యార్డు సిమెంటు నేల పనికొస్తుంది. అదీ నీళ్లు పోవడానికి ఒక వైపు వాలే ఉంటుంది, అందుకే ఒకే గీత మీద అటూ ఇటూ నడపాలి. గుంజుడు దిక్కు మారితే అది నేలది. మారకుండా నడిపేవాడి ఎడమకే లాగితే బండిది. ఈ బండి రెండు దిక్కుల్లోనూ ఎడమకే లాగింది.

తర్వాత హెడ్‌సెట్, అంటే హెడ్ ట్యూబ్‌లో ఫోర్కు తిరిగే బేరింగులు. ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ నడిమి నుంచి మెల్లగా వదిలితే అటో ఇటో దానంతట అదే పడాలి. ఇక్కడ నడిమిలోనే నిలబడిపోయింది, అంటే ప్రీలోడ్ (బేరింగుల బిగింపు) ఎక్కువ. హెడ్‌సెట్ బిగుసుకుంటే బండి తనను తాను సర్దుకోలేదు, ఎంత చిన్న తప్పయినా పెద్ద గుంజుడుగా తెలుస్తుంది. సడలిస్తే గుంజుడు తగ్గింది కానీ పోలేదు. టైరు గుడ్డ ఒక పక్క సాగినా ఇలాగే లాగుతుంది. దానికి ముందు టైరును రిమ్ము మీద అటుదిటు తిప్పి ఎక్కించి చూడటం చాలు. దిక్కు మారలేదు కాబట్టి టైరు లెక్కలోంచి పోయింది.

చక్రాన్ని తిరగేసి చూడటం

ఫ్రేము మీద చెయ్యి వేసే ముందు చక్రం తప్పెంతో విడదీయాలి. చైను తీసి, బ్రేకు సడలించి, వెనక చక్రాన్ని ఒకసారి మామూలుగా, ఒకసారి క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఎడమకు వచ్చేలా తిరగేసి బిగించి కొలవాలి. డిస్కు ఉంటే ముందే విప్పాలి. కొలత రిమ్ము నుంచే తీసుకోవాలి. టైరు రబ్బరు ఎక్కడికక్కడ ఒకటిన్నర మి.మీ. దాకా ఉబ్బి ఉంటుంది, దాన్ని నమ్మితే అంతే. యాక్సిల్ గాడి పైకంటా ఆనిందో లేదో కూడా చూడాలి, బండిని నేల మీద నిలబెట్టి, సీటు మీద చేత్తో నొక్కి అప్పుడు బిగించాలి. స్టాండుకు వేలాడుతూ బిగించిన చక్రం ఒక పక్క అర మి.మీ. దిగి ఉన్నా కంటికి కనబడదు.

చైన్‌స్టేల దగ్గర మామూలుగా పెట్టినప్పుడు ఎడమ 14, కుడి 18. అంటే రిమ్ము 2 మి.మీ. ఎడమకు జరిగి ఉంది. తిరగేస్తే ఎడమ 15, కుడి 17, అంటే 1 మి.మీ. ఎడమకు. చక్రం తప్పు తిరగేసినప్పుడు దిక్కు మారుతుంది, ఫ్రేము తప్పు మారదు. రెంటినీ కూడి సగం చేస్తే ఫ్రేము వాటా ఒకటిన్నర. తీసివేసి సగం చేస్తే చక్రం వాటా అర మి.మీ.

ఇదే పనిని పైన సీట్‌స్టే బ్రిడ్జి (సీటు నుంచి వెనక యాక్సిల్‌కు దిగే రెండు పైపుల మధ్య అడ్డ పట్టీ) దగ్గర కూడా చేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, అసలు సమాచారం ఇక్కడే ఉంటుంది. మామూలుగా ఎడమ 17.1, కుడి 18.9. తిరగేస్తే ఎడమ 18.1, కుడి 17.9. లెక్క కడితే ఫ్రేము వాటా 0.4, చక్రం వాటా మళ్లీ అర. చక్రం వాటా రెండు చోట్లా ఒకటే వచ్చింది కాబట్టి కొలతలు నమ్మదగినవే. కానీ ఫ్రేము వాటా పైన 0.4, ముందు చైన్‌స్టేల దగ్గర 1.5. వెనక త్రిభుజం మొత్తంగా పక్కకు వంగి ఉంటే రెండు చోట్లా దాదాపు ఒకటే రావాలి. రాలేదు. అంటే యాక్సిల్ అడ్డంగా సరిగ్గా కూర్చోలేదు, ఒక కొన ముందుకు ఉంది.

ఒక జాగ్రత్త. స్టేల మధ్య ఖాళీ కొలిచేటప్పుడు ఆ స్టేలే నడిమికి సమానంగా ఉన్నాయని ముందు తేల్చుకోవాలి. టైరుకో చైన్‌రింగుకో చోటివ్వడానికి ఒక స్టేని నొక్కి పల్చన చేసిన ఫ్రేములుంటాయి. ఇందులో అలాంటి నొక్కు లేదు. కింద చెప్పే దారం పరీక్షలో దారం నుంచి రెండు స్టేలకు దూరం కూడా సమానంగానే వచ్చింది.

దారం చెప్పింది

దారం పరీక్ష అందరికీ తెలిసిందే. చక్రాలు తీసేసి, ఒక డ్రాపవుట్ బయటి ముఖం దగ్గర కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కు తెచ్చి బిగించాలి. సీట్ ట్యూబ్‌కు రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో చూడాలి. మేస్త్రీలు వాడే నైలాన్ లైన్ దారం సాగుతుంది కానీ బిగువుగా ఉంటే పర్వాలేదు. సుతిలి మాత్రం వద్దు, దాని పీచే అర మి.మీ. ఉంటుంది. రెండు డ్రాపవుట్లలోనూ దారం ఒకే ఎత్తులో ఉండాలి. వెర్నియర్ దవడ దారాన్ని నెట్టకుండా తాకాలి, దారం కదిలిందంటే ఆ కొలత పోయినట్టే.

ఎడమ 35.6, కుడి 35.1. తేడా అర మి.మీ. దీన్ని నేరుగా వంకర అనుకోకూడదు. హెడ్ ట్యూబ్ నుంచి సీట్ ట్యూబ్ 600, డ్రాపవుట్ దాకా సుమారు 1030. కాబట్టి డ్రాపవుట్ల నడిమి 1 మి.మీ. పక్కకు పోతే సీట్ ట్యూబ్ దగ్గర 0.58 మి.మీ. కనిపిస్తుంది. ఒక పక్క పెరిగి రెండో పక్క తగ్గుతుంది కాబట్టి తేడా 1.16. మన అర మి.మీ. తేడాకు డ్రాపవుట్ల నడిమి ఎడమకు సుమారు 0.4 జరిగినట్టు. సీట్‌స్టే బ్రిడ్జి దగ్గర చక్రం చెప్పింది కూడా ఇదే 0.4.

1 మి.మీ. లోపు తేడా ఉంటే సాధారణంగా వదిలేస్తాం. దారం ఒక్కటే చూసినవాళ్లు ఈ ఫ్రేముకు "బాగుంది" అని రాసిచ్చేవాళ్లు. చక్రం ఒక్కటే చూసినవాళ్లు ఒకటిన్నర మి.మీ. కోసం స్టేలను కుడికి వంచేవాళ్లు. అప్పుడు చక్రం స్టేల మధ్య అందంగా కనిపించేది, డ్రాపవుట్లు మాత్రం కుడికి పోయి బండి పీతలా పక్కవాటుగా నడిచేది. ఇలా "బాగు చేసిన" ఫ్రేములే బెంచీ మీదికి ఎక్కువగా వస్తాయి.

అర మి.మీ. ఎలా మిల్లీమీటరు దాటింది

యాక్సిల్ ఒక కొన ముందుకు జరిగితే చక్రం ముందు అంచు ఎంత పక్కకు పోతుందో లెక్క తేలికే. రిమ్ము వ్యాసార్థం 311, హబ్బు వెడల్పు 135. ఒక మి.మీ. తేడా చైన్‌స్టేల దగ్గర 2.3 మి.మీ. అవుతుంది. కుడి కొన ముందుకు వస్తే చక్రం ముందు భాగం ఎడమకు తిరుగుతుంది. కనిపించిన ఒకటిన్నరలో 0.4 పక్కకు జరగడం వల్ల వచ్చింది. మిగిలిన 1.1ని 2.3తో భాగిస్తే దాదాపు అర మి.మీ. కుడి డ్రాపవుట్ అర మి.మీ. ముందుకు ఉండాలి.

లెక్క ఎంత బాగున్నా గేజితో చూడకుండా ఆకురాయి పట్టకూడదు. డ్రాపవుట్లలో 10 మి.మీ. గ్రౌండ్ రాడ్ పెట్టి, గాడి పైకి, ముందుకు ఆనించి కట్టాలి. బీబీలో కప్పులు, యాక్సిల్ బిగించి ఉంచాలి. ఒక ఇనుప పట్టీకి ఒక కొసన బీబీ యాక్సిల్ మీద కూర్చునే వి-గాడి, రెండో కొసన మొన తేలిన బోల్టు ఉంటే చాలు, గేజి తయారు. ఎడమ పక్క మొన రాడ్డుకు తగిలీ తగలనట్టు బిగించి, అదే పట్టీని కదిలించకుండా కుడి పక్కకు తెస్తే మొన రాడ్డు దాటిపోయింది. మొనను వెనక్కి తిప్పి ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చని రేకులు)తో చూస్తే తేడా అర మి.మీ. బీబీ యాక్సిలే వంకరగా ఉంటే ఈ కొలత అబద్ధం చెబుతుంది, అందుకని హెడ్ ట్యూబ్ నుంచి పొడవాటి కర్రతో కూడా చూడాలి. అదీ అర మి.మీ. అనే చెప్పింది.

ఎండాకాలంలో ఒక చిన్న సంగతి. వరండాలో ఫ్రేము పెట్టి ఒక స్టే మీద ఎండ పడుతుంటే, 20 డిగ్రీల తేడాకు 445 మి.మీ. ఉక్కు 0.1 మి.మీ. సాగుతుంది. మన కొలతలో ఐదో వంతు. కొలతలు నీడలో, ఫ్రేము చల్లబడ్డాకే.

బండ మీద హెడ్ ట్యూబ్

హెడ్ ట్యూబ్ మీద నింద ఉంది కాబట్టి దాన్ని తేల్చకుండా వదలలేం. ఫ్యాక్టరీ సర్ఫేస్ ప్లేటు (కొలతలకు వాడే చదునైన బల్ల) మన దగ్గర దొరకడం కష్టం, కొనడం ఇంకా కష్టం. పాలిష్ చేసిన 20 మి.మీ. గ్రానైట్ పలకను మూడు చోట్ల ఆనించి, స్ట్రెయిట్ ఎడ్జ్ వేసి కింద 0.10 ఫీలర్ ఎక్కడా దూరకపోతే ఈ పనికి సరిపోతుంది. నాలుగు చోట్ల ఆనిస్తే పలక ఊగుతుంది, లేదా మెలి పడుతుంది. బీబీని పట్టుకునే పోస్టును లేత్ షాపులో తిప్పించాలి. రైస్ మిల్లుల పని చేసే మిర్యాలగూడ లేత్ షాపులకు అంగుళానికి 24 మరలు కోయడం పెద్ద పని కాదు. మర మామూలు దిక్కుదే వేయించి, ఎడమ కప్పు వైపు నుంచి ఎక్కించాలి. కుడి వైపు మర ఎదురు దిక్కుది.

అంతకంటే ముందు బీబీ గొట్టం ముఖం. ఇక్కడ పౌడర్ కోటింగ్ ముఖం మీదికి వచ్చి ఒక చోట గడ్డ కట్టింది. సుమారు 40 మి.మీ. వ్యాసం ఉండే గొట్టం ముఖం మీద 0.1 మి.మీ. గడ్డ ఒక అంచున ఉన్నా, సీట్ ట్యూబ్ పై కొస దగ్గర ఒకటిన్నర మి.మీ. దాకా తేడా చూపిస్తుంది. హెడ్ ట్యూబ్‌కు పడే నిందల్లో చాలావాటికి ఇదే మూలం అని మా అనుమానం. ఫేసింగ్ కట్టరుతో లోహం మెరిసేదాకా ముఖం తీసి, అప్పుడు పోస్టుకు బిగించాం.

హైట్ గేజితో సీట్ ట్యూబ్ కింద (అతుకు ఉబ్బు దాటాక), పైన చూస్తే 500 మి.మీ. దూరానికి తేడా 0.3. ఒప్పుకోదగినదే. హెడ్ ట్యూబ్ సీట్ ట్యూబ్ కంటే లావు కాబట్టి ఒకే తలంలో ఉన్నా దాని పై వీపు 3.7 మి.మీ. ఎత్తుగా ఉండాలి, వ్యాసాల తేడాలో సగం. 3.9 వచ్చింది. అంటే నడిమి గీత 0.2 మాత్రమే పక్కకు. పై కొసకు, కింది కొసకు తేడా మరో 0.2. మెలి లేదు. కాల్చి వంచితే ఉన్న మంచి పోయేది.

ఫోర్కు

ముందు చక్రాన్ని కూడా అలాగే తిరగేస్తే, క్రౌను (ఫోర్కు కాళ్లు రెండూ పైన కలిసే చోటు) కింద రిమ్ము రెండుసార్లూ ఎడమకే ఒక మి.మీ. కాబట్టి చక్రం మంచిది, ఫోర్కే తప్పు. ఫోర్కులో హెచ్చింపు ఇంకా ఎక్కువ. హబ్బు 100 మాత్రమే కాబట్టి ఒక కొన ఒక మి.మీ. దిగితే పైన 3.1 మి.మీ. అవుతుంది. ఒక మి.మీ. కనిపించిందంటే ఎడమ కొన మూడో వంతు మి.మీ. కిందికి ఉంటే చాలు. గాడుల్లో 9 మి.మీ. రాడ్ పెట్టి, క్రౌను రేస్ కూర్చునే చోటు నుంచి రెండు కొనలకూ పట్టీ గేజితో చూస్తే ఎడమ పక్క 0.35 పొడవు.

కాలు పొడవా, గాడి తప్పా? టార్చి వేసి ఎడమ గాడి లోపల బ్లేడు మొనతో పెయింట్ గీరితే పసుపు పచ్చగా మెరిసింది. బ్రేజింగ్ చేస్తున్నప్పుడు కారిన ఇత్తడి, బియ్యపు నూకంత బొట్టు, గాడి పై వంపులో చప్పటగా గడ్డ కట్టి దాని మీదే పెయింట్ పడింది. యాక్సిల్ దాని మీద కూర్చుంటోంది. చక్రం పై భాగం ఎడమకు వాలుతోంది, వాలిన చక్రం వాలిన వైపే దొర్లుతుంది. 8 మి.మీ. గుండ్రటి ఆకురాయితో ఇత్తడిని మాత్రమే తీశాం. ఉక్కు తగలగానే రంగు, చప్పుడు రెండూ మారతాయి, అక్కడ ఆపాలి. తర్వాత కొలిస్తే తేడా 0.05 లోపు.

వెనక త్రిభుజం సరిచేసిన వరస

వెనక డ్రాపవుట్ల మధ్య 135 ఉండాల్సిన చోట 133.2 ఉంది. బ్రేజింగ్ చల్లారేటప్పుడు లోపలికి గుంజుకోవడం మామూలే. ఎక్కువ వేడి తిన్న పక్క, చివర అతికిన పక్క ఎక్కువ గుంజుకుంటుంది. కుడి స్టే అర మి.మీ. ముందుకు రావడానికి కూడా ఇదే కారణమయ్యే అవకాశం ఎక్కువ. జిగ్గు (అతికేటప్పుడు పైపులను పట్టి ఉంచే చట్రం)లోని డమ్మీ యాక్సిల్ గాడిలో వదులుగా ఉన్నా ఇదే జరుగుతుంది.

ముందు వెడల్పు. మొత్తం 1.8 తెరవాలి, నడిమిని 0.4 కుడికి జరపాలి. కాబట్టి కుడి స్టే 1.3, ఎడమ స్టే 0.5. రెండు నట్ల మధ్య మర రాడ్ పెట్టి తెరిచే పద్ధతి ఇక్కడ పనికిరాదు, అది మెత్తగా ఉన్న పక్కనే తెరుస్తుంది, ఏది ఎంత అనేది మన చేతిలో ఉండదు. సీట్ ట్యూబ్‌కు అవతలి పక్క తోలు కట్టి ఆనించిన చెక్క మొద్దుతో, డ్రాపవుట్ దగ్గర స్టే లోపలి పక్క నుంచి ఒక్కో స్టేని విడిగా నెట్టాలి. క్రోమోలీ చాలా దూరం పోయి కూడా వెనక్కి వచ్చేస్తుంది. నెట్టు కొంచెం కొంచెం పెంచుతూ, వదిలిన ప్రతిసారీ దారం, వెర్నియర్ రెండూ చూడాలి. బ్రిడ్జి అతుకుల దగ్గర పెయింట్ చిట్లితే వెంటనే ఆపాలి. ఇది ఉక్కుకు మాత్రమే. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములకు ఈ మాటే వద్దు.

తర్వాత డ్రాపవుట్ ముఖాలు. మర రాడ్లకు లేత్ మీద తిప్పిన కప్పులు బిగించి ఎదురెదురుగా తెస్తే అంచులు అన్ని చోట్లా సమానంగా కలవాలి. ఇక్కడ ముందు పక్క 1.2 మి.మీ. సందు. పిడితో నెమ్మదిగా వంచితే కలిశాయి. ఇవి సమాంతరంగా లేకపోతే యాక్సిల్ బిగించిన ప్రతిసారీ వంగుతుంది, చివరికి విరుగుతుంది.

పొడవు తేడాను వంచి తీయలేం, స్టే పొడవు వంచితే పెరగదు. గాడిలోనే తీయాలి. ఏ గాడిలో అన్నది ముఖ్యం. పొట్టిగా ఉన్న కుడి గాడి వెనక గోడను ఆకురాయితో తీస్తే యాక్సిల్ వెనక్కి వెళ్లగలదు, కానీ చైను గుంజుడు దాన్ని మళ్లీ ముందుకే తెస్తుంది. అందుకే ఎడమ గాడి ముందు గోడను, పై వంపుతో సహా అర మి.మీ. తీశాం. చైను గుంజినప్పుడు రెండు కొనలూ ముందు గోడకే ఆనుతాయి, కాబట్టి చక్రం నేరుగా నిలుస్తుంది. 1 మి.మీ. మించి తీయాల్సి వస్తే ఈ పద్ధతి వద్దు, డ్రాపవుట్ విప్పి మళ్లీ అతకడమే. గీరిన చోట జింక్ ప్రైమర్ పల్చగా, గాడి లోపల ముద్ద కట్టకుండా.

హ్యాంగర్ (వెనక గేరు మార్చే డిరైలర్ బిగించే చెవి) చివరన. దాని 10 మి.మీ. మరలో గేజి బిగించి రిమ్ము చుట్టూ చూస్తే మొదట్లో ముందుకూ వెనక్కూ 7 మి.మీ. తేడా ఉండేది, చిన్న పళ్ల మీద చైను నిలవకపోవడానికి కారణం అదే. డ్రాపవుట్ ముఖాలు సరిచేశాక అదే 4కు తగ్గింది. 4 లోపు ఉంటే సాధారణంగా చాలు, ఈ బండికి 1కి తెచ్చాం. ముందే హ్యాంగర్ వంచి ఉంటే డ్రాపవుట్ సరిచేశాక మళ్లీ వంచాల్సి వచ్చేది.

చక్రం వాటా అర మి.మీ. మిగిలింది. ఎడమ స్పోకులు పావు చుట్టు సడలించి, కుడివి అంతే బిగించి, తిరగేసి చూసుకుంటూ డిష్, అంటే హబ్బు కొనల మధ్య రిమ్ము ఉండే చోటు, నడిమికి తెచ్చాం.

చివరి కొలతలు: దారం తేడా 0.1, వెడల్పు 135.0, రిమ్ము చైన్‌స్టేల దగ్గర నడిమికి 0.2 లోపు, ఫోర్కులో 0.2. యార్డు నేల మీద అటూ ఇటూ నడిపితే చేతులు వదిలినా బండి గీత మీదే పోయింది. చల్లగా వంచిన స్టేలు కొంత సర్దుకునే అవకాశం ఉంటుంది కాబట్టి 300 కిలోమీటర్ల తర్వాత దారం, వెడల్పు రెండూ మళ్లీ చూడాలి. అప్పుడే బ్రిడ్జి అతుకుల దగ్గర పెయింట్ మీద గోరు పెట్టి, వెంట్రుకంత గీత ఏదైనా తగులుతుందేమో చూడాలి.